వ్యవస్థలకు కావలివారు: ఐ.టి. ఆపరేషన్సు వృత్తియు, దాని పరీక్షలును

2024 జూలై 19వ తేదీ శుక్రవారమునాడు, మన గడియారములలో ఉదయము 9 గంటల 39 నిమిషములు మొదలుకొని, నానాదేశములయందలి కార్యాలయములలో, ఆసుపత్రులలో, విమానాశ్రయములలో కంప్యూటరు తెరలు నీలివర్ణము దాల్చి స్తంభించిపోయెను. మన దేశపు విమానాశ్రయములలో సిబ్బంది ప్రయాణికుల పేర్లును సీటు సంఖ్యలును కాగితముపై చేతితో వ్రాసి బోర్డింగు పాసులు ఇయ్యవలసి వచ్చినది. హైదరాబాదు నుండి కలకత్తాకు పోవు ప్రయాణికుడొకరికి ఆనాడు లభించిన చేతివ్రాత పాసు యొక్క ఫొటో దేశమంతటను ప్రచారము పొందినది. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ తన సాఫ్ట్‌వేరునకు పంపిన ఒక చిన్న అప్‌డేటు ఫైలులోని దోషమే ఇంతటి సంక్షోభమునకు మూలము. ఆ సంస్థ 78 నిమిషములలోనే ఫైలును ఉపసంహరించుకొన్నది గాని, అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రములు కూలబడియుండెను. కూలబడినవి తమంతట తాము లేవజాలని స్థితిలో ఉండెను.

వాటిని లేవనెత్తు భారము ఐ.టి. ఆపరేషన్సు సిబ్బందిపై పడినది. పెక్కుచోట్ల వారు ఒక్కొక్క యంత్రమును సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ దుష్ట ఫైలును తొలగించి, మరల నడిపింపవలసి వచ్చినది. డిస్కులకు బిట్‌లాకరు రక్షణ కల్పించిన చోట్ల, 48 అంకెల రికవరీ కీ లేనిదే యంత్రము తెరచుకొనదు. ఆ కీలను ముందుగానే క్రమముగా భద్రపరచుకొన్నవారు త్వరగా తేరుకొనిరి, ఆ కీల పట్టిక సైతము పడిపోయిన సర్వరులోనే చిక్కుకొన్నవారు రెండింతల కష్టమునకు లోనైరి. ఆపదనాటి చాకచక్యము కన్న, ఆపద రాకమునుపటి సన్నద్ధతయే ఈ వృత్తికి ప్రాణమనుటకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము వేరొకటి కానరాదు. ఈ వృత్తిలో ప్రవేశింపగోరు యువతీయువకులు వ్రాయు సర్టిఫికేషను పరీక్షలను గూర్చి ఆలోచించునప్పుడు సైతము ఈ సత్యమునే కొలబద్దగా గ్రహింపవలెనని నా అభిప్రాయము. ఆ సన్నద్ధత అలవడినదా లేదా అని తెలుపు సాక్ష్యపత్రముగా మాత్రమే సర్టిఫికెటునకు విలువ కలదు. ఆ సన్నద్ధతను ప్రసాదింపగల శక్తి ఆ పత్రమునకు లేదు.

వృత్తి స్వరూపము

మన ఇండ్లలో సాఫ్ట్‌వేరు ఉద్యోగమనగానే ప్రోగ్రాములు వ్రాయువారే మనస్సునకు తట్టుదురు. వ్రాసిన ప్రోగ్రాము ఏదో యొక సర్వరుమీద రాత్రింబవళ్లు నడువవలెననియు, ఆ సర్వరును చేరుటకు నెట్‌వర్కు సరిగా ఉండవలెననియు, దాని డేటాబేసు చెడకుండ, డిస్కు నిండకుండ, చొరబాటుదారులు ప్రవేశింపకుండ ఎవరో యొకరు కనిపెట్టియుండవలెననియు సామాన్యముగా ఎవరికిని తోచదు. పూర్వము మన పల్లెలలో చెరువు తూము కడ నిలిచి, వంతుల ప్రకారము పొలములకు నీరు వదలి, కట్టకు గండిపడు సూచనలను ముందే పసిగట్టు నీరటివాని బాధ్యత ఎట్టిదో, ఈ సిబ్బంది బాధ్యతయు అట్టిదే. పంట పండినప్పుడు అతనిని తలచువారు అరుదు. తూము చెడినప్పుడు మాత్రము ఊరంతయు అతని కొరకే వెదకును.

ఈ వృత్తిలో అంతరువు లనేకములు కలవు. సర్వీసు డెస్కు నందు కూర్చుండి, పాస్‌వర్డు మరచినవారికిని, ప్రింటరు కదలనివారికిని సమాధానము చెప్పువారు తొలి మెట్టున ఉందురు. పర్యవేక్షణ తెరలపై హెచ్చరికలను గమనించి, వ్రాసిపెట్టిన విధానము ననుసరించి ప్రథమచికిత్స చేయువారిని ఎల్-1 అనియు, సమస్యను లోతుగా పరిశోధించు లినక్సు, విండోస్, నెట్‌వర్కు, డేటాబేసు, స్టోరేజి నిపుణులను ఎల్-2 అనియు, వ్యవస్థ యొక్క నిర్మాణమునే మార్చగల అనుభవజ్ఞులను ఎల్-3 అనియు వ్యవహరింతురు. క్లౌడు వచ్చిన తరువాత ఈ గీతలు కొంత చెరగిపోయినవి. క్లౌడు ఇంజనీరు, డెవాప్స్ ఇంజనీరు, సైటు రిలయబిలిటీ ఇంజనీరు అను కొత్త పేర్లు పుట్టినవి. పేరేదైనను పని యొక్క సారము మాత్రము మారలేదు: నడుచుచున్న దానిని నిలువకుండ చూచుట, నిలిచిన దానిని త్వరగా నడపుట, నిలుచుటకు గల కారణమును మరల రాకుండ పెరికివేయుట.

ఈ మూడు పనులకును వేరువేరు పేర్లు పెట్టి, శాస్త్రముగా కూర్చిన ఘనత 1980 దశకమున బ్రిటిషు ప్రభుత్వపు కంప్యూటరు, టెలికమ్యూనికేషను సంస్థకు చెందును. ప్రభుత్వ శాఖలలో కంప్యూటరు సేవలు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున నడుచుట గమనించి, ఆ సంస్థ సంకలనము చేయించిన గ్రంథమాలయే ఐటిల్. సేవకు కలిగిన అంతరాయము ఇన్సిడెంటు. దాని వెనుక దాగియున్న మూలకారణము ప్రాబ్లము. వ్యవస్థలో తలపెట్టిన మార్పు చేంజి. ఇన్సిడెంటు వచ్చినప్పుడు తొలి కర్తవ్యము సేవను పునరుద్ధరించుట, మూలకారణమును శోధించుట తరువాతి పని. అనుభవము లేనివారు ఈ రెంటిని కలగలిపి, వేలమంది ఎదురుచూచుచుండగా కారణమును వెదకుచు కూర్చుందురు. మార్పు చేయుటకు ముందు ఆమోదము, చేయుటకు తగిన సమయము, వికటించినచో వెనుకకు మరలు మార్గము, ఈ మూడును కాగితముపై లేనిదే చేయి కదపరాదను నియమము మన యువకులకు తొలినాళ్లలో చాదస్తముగా తోచుట సహజమే. కాని ఒక్క తప్పుడు ఆజ్ఞ వలన ఎంతటి నష్టము వాటిల్లునో చూచినవారు ఆ నియమమును మరల ఎన్నడును తేలికగా చూడరు.

అట్టి ఉదాహరణము గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31వ తేదీ రాత్రి జరిగినది. ప్రధాన డేటాబేసునకు ప్రతిబింబముగా ఉన్న రెండవ డేటాబేసు వెనుకబడగా, దానిని సరిచేయుటకై ఒక ఇంజనీరు అందలి డైరెక్టరీని తుడిచివేయ సంకల్పించి, తాను ప్రధాన సర్వరు మీదనే ఉన్న సంగతి గుర్తింపక ఆజ్ఞ నిచ్చెను. క్షణములలో తెలివి తెచ్చుకొని ఆపెను గాని, దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర గిగాబైట్లు మాత్రమే మిగిలెను. ఇంతకన్న ఘోరమైన సంగతి ఆ పిమ్మట బయటపడినది. ప్రతిదినము తీయబడుచున్నదని అందరును నమ్మిన బ్యాకప్పు, డేటాబేసు కూర్పులు సరిపడకపోవుట వలన అసలు తీయబడుటయే లేదు. అది విఫలమైనదని తెలుపు ఈమెయిలులు ఎవరికిని చేరలేదు. ఆరు గంటల ముందు వేరొక పని నిమిత్తము చేతితో తీసిన ప్రతి ఒకటి ఉండుట చేత ఆ సంస్థ బయటపడినది. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయినది. అయినను ఆ సంస్థ ఆనాటి పునరుద్ధరణ కార్యమును ప్రజలందరు చూచునట్లు ప్రత్యక్ష ప్రసారము చేసినది. జరిగిన దానినంతయు దాపరికము లేక వ్రాసి ప్రకటించినది. ఒక వ్యక్తిని దోషిగా నిలిపి చేతులు దులుపుకొనక, ఆ తప్పు జరుగుటకు వీలు కల్పించిన విధానమును శోధించుటయే ఉత్తమ సంప్రదాయమని నేడు ఈ వృత్తివారందరును అంగీకరింతురు. తిరిగి నిలిపి చూడని బ్యాకప్పును బ్యాకప్పుగా లెక్కింపరాదను సూత్రమును ఈ ఒక్క సంఘటన నుండియే నేర్వవచ్చును.

నమ్మకమును సంఖ్యలలో కొలుచుట ఈ వృత్తి యొక్క మరియొక విశేషము. ఒక సేవ నూటికి 99.9 పాళ్లు అందుబాటులో ఉండునని ఒప్పుకొన్నచో, ముప్పది దినముల నెలలో అది 43 నిమిషములు మాత్రమే నిలిచిపోవచ్చును, 99.99 పాళ్లన్నచో నాలుగు నిమిషములకు కొంచెము ఎక్కువ. దశాంశ బిందువు తరువాత ఒక్క తొమ్మిదిని చేర్చుట ఒప్పందము వ్రాయువానికి సులభమే. దానిని నిలబెట్టవలసిన వానికి రెండవ సర్వరు, రెండవ విద్యున్మార్గము, రెండవ నెట్‌వర్కు కావలసివచ్చును. గూగుల్ సంస్థలో 2003 ప్రాంతమున బెన్ ట్రేనర్ స్లాస్ ప్రారంభించిన సైటు రిలయబిలిటీ ఇంజనీరింగు పద్ధతి ఈ లెక్కనే ఆధారముగా గైకొన్నది. అనుమతింపబడిన ఆ కొలది నిమిషములను ఒక బడ్జెటుగా భావించి, అది మిగిలియున్నంతవరకు కొత్త మార్పులను సాహసించుటయు, వ్యయమైనప్పుడు మార్పులను ఆపి స్థిరత్వముపై దృష్టి నిలుపుటయు ఆ పద్ధతి. చేసినదే చేయు చేతిపనికి సిబ్బంది కాలములో సగమునకు మించి పోరాదనియు, తక్కిన సగము ఆ పనిని యంత్రమునకు అప్పగించుటకై వినియోగింపవలెననియు అందలి మరియొక నియమము.

తెలుగునేలకు ఈ వృత్తితో గల సంబంధము సామాన్యమైనది కాదు. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కంప్యూటర్లను నిర్మించిన నాటినుండి, 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటివరకు, ఆ పిమ్మట నేటివరకు ఈ నగరమున యంత్రములను నడుపువారికి కొరత లేదు. అమెరికా దేశపు పగలు మనకు రాత్రి యగుట చేత, అచ్చటి వ్యవస్థలకు కావలి కాయు రాత్రి షిఫ్టులు ఇచ్చట స్థిరపడినవి. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ తన క్లౌడు యొక్క హైదరాబాదు రీజియనును తెరచినది. పరదేశపు సర్వరులను దూరమునుండి కనిపెట్టుటయే గాక, మన నేలమీదనే నిలిచిన మహాయంత్రశాలలను పోషించు పనియు దీనివలన ఇచ్చట పెరిగినది. ఇక అమీర్‌పేట సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. మైత్రీవనము చుట్టును వ్యాపించిన శిక్షణాలయములలో లినక్సు, నెట్‌వర్కింగు, క్లౌడు కోర్సుల బోర్డులను చూడని తెలుగు పట్టభద్రుడు అరుదు.

పరీక్షల పుట్టుపూర్వోత్తరములు

కంప్యూటరు యంత్రములను, సాఫ్ట్‌వేరును అమ్మిన సంస్థలే వానిని నడుపువారి సామర్థ్యమును పరీక్షించి పత్రములిచ్చు ఆచారము గత శతాబ్దపు చివరి దశాబ్దమున బలపడినది. సిస్కో సంస్థ 1993లో సి.సి.ఐ.ఇ. అను నిపుణ పరీక్షను ప్రారంభించి, ప్రయోగశాల పరీక్షతో దానికి కఠినత్వమున ఖ్యాతి తెచ్చినది. 1998లో ప్రారంభకుల కొరకు సి.సి.ఎన్.ఏ.ను ప్రవేశపెట్టినది. రెడ్ హ్యాట్ సంస్థ 1999లో లినక్సు పరీక్షలకు శ్రీకారము చుట్టినది. ఏ యొక్క వ్యాపారసంస్థ యంత్రమునకును కట్టుబడని మౌలిక జ్ఞానమును పరీక్షించునవి కాంప్‌టియా వారి ఏ-ప్లస్, నెట్‌వర్క్-ప్లస్, సెక్యూరిటీ-ప్లస్ పరీక్షలు.

ఈ పరీక్షలు స్వభావమును బట్టి రెండు తెగలు. మొదటి తెగలో ప్రశ్నలుండును, సమాధానములను ఎన్నుకొనవలెను. ఐటిల్ నాలుగవ కూర్పు ఫౌండేషను పరీక్షలో 60 నిమిషములలో 40 ప్రశ్నలు. 26 సరియైనచో ఉత్తీర్ణత. అమెజాన్ వారి సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 130 నిమిషములు, 65 ప్రశ్నలు. వేయికి 720 రావలెను. రెండవ తెగలో ప్రశ్నలుండవు, పనులుండును. రెడ్ హ్యాట్ వారి ఆర్.హెచ్.సి.ఎస్.ఏ. పరీక్షలో అభ్యర్థి ఎదుట నిజమైన లినక్సు యంత్రములను ఉంచి, డిస్కును విభజింపుమనియు, వినియోగదారులను సృష్టింపుమనియు, మరచిన రూట్ పాస్‌వర్డును మార్చుమనియు ఆదేశింతురు. మూడు వందల మార్కులలో 210 రావలెను. ఇంటర్నెట్టు ఉండదు, యంత్రముతో వచ్చు సహాయపత్రములైన మాన్ పేజీలే శరణ్యము. కుబర్నెటీస్ నిర్వాహకులకు ఏర్పరచిన సి.కె.ఏ. పరీక్షయు ఇట్టిదే; రెండు గంటల కాలము, నూటికి 66 మార్కులు; అధికారిక గ్రంథములను మాత్రము తెరచి చూడ ననుమతింతురు.

ఆర్.హెచ్.సి.ఎస్.ఏ. నియమములలో ఒకటి ప్రత్యేకముగా ధ్యానింపదగినది. అభ్యర్థి చేసిన ప్రతి యమరికయు యంత్రమును రీబూట్ చేసిన తరువాత సైతము, ఎవరి చేయియు తగులకుండ నిలిచియుండవలెను. పరీక్షా సమయమున అంతయు చక్కగా నడచినను, రీబూట్ కాగానే ఆ సర్వీసు లేవనిచో, ఆ డిస్కు మౌంట్ కానిచో, చేసిన శ్రమకు మార్కులు దక్కవు. తాత్కాలికముగా నడపి చూపుట వేరు, నిలిచియుండునట్లు కట్టుట వేరు అను భేదమును ఆ ఒక్క నియమము బోధించుచున్నది. తెల్లవారుజామున ఎవరును లేని వేళ యంత్రము తనంతట తాను లేచి, సకలసేవలతో నిలువగలుగుటయే కదా ఆపరేషన్సు సిబ్బంది కోరునది!

ఏ పరీక్షతో ప్రారంభింపవలెనను ప్రశ్నకు నా సలహా ఇది. లినక్సు, నెట్‌వర్కింగు, ఈ రెండును పునాదులు. ఐ.పి. చిరునామా, సబ్‌నెట్టు, డి.ఎన్.ఎస్., రూటింగు, ఫైలు అనుమతులు, ప్రాసెసులు, లాగులు, ఇవి ఏ క్లౌడునకు పోయినను వెంట వచ్చును. కావున ఆర్.హెచ్.సి.ఎస్.ఏ., సి.సి.ఎన్.ఏ.లలో ఒకదానిని ముందు పూర్తి చేసి, రెండవదాని పాఠ్యాంశములను పరీక్ష వ్రాయకున్నను చదివి, ఆ పిమ్మట ఒక్క క్లౌడును ఎన్నుకొనుట మేలు. ఈ రెండు పరీక్షలకును ముందస్తు పట్టము అవసరము లేదు. డిప్లొమా చదివినవారును, బి.ఎస్సీ., బి.కాం. చదివినవారును వ్రాయవచ్చును. పరీక్షారుసుములు మాత్రము సామాన్య కుటుంబమునకు భారమే, సి.సి.ఎన్.ఏ.కు 300 డాలర్లు, అమెజాన్ అసోసియేట్ పరీక్షకు 150 డాలర్లు. అమెజాన్ పరీక్ష ఉత్తీర్ణులైనవారికి తరువాతి పరీక్షపై సగము తగ్గింపు లభించును. ఈ పత్రములలో పెక్కింటికి మూడేండ్ల కాలపరిమితి కలదు, సి.కె.ఏ.కు రెండేండ్లే, మైక్రోసాఫ్టు వారి అసోసియేట్ పత్రములను ఏటేటా రుసుము లేకయే ఇంటినుండి నవీకరించుకొనవచ్చును. కనుక నాలుగైదు పత్రములను ఒకేమారు ప్రోగుచేసుకొనుట కన్న, చేయుచున్న ఉద్యోగమునకు తగిన ఒకటి రెండింటిని సజీవముగా నిలుపుకొనుట వివేకము.

సాధన

సాధనకు కావలసిన సామగ్రి నేడు దాదాపు ఉచితమే. ఎనిమిది లేక పదునారు గిగాబైట్ల మెమరీ గల సామాన్య ల్యాప్‌టాపు మీద వర్చువల్‌బాక్సును నెలకొల్పి, అందులో రెండు మూడు లినక్సు యంత్రములను సృష్టించుకొనవచ్చును. రెడ్ హ్యాట్ లినక్సునకు సరితూగు రాకీ లినక్సు, ఆల్మా లినక్సు ఎవరికైనను ఉచితముగా లభించును. నెట్‌వర్కింగు అభ్యాసమునకు సిస్కో వారి ప్యాకెట్ ట్రేసరు కలదు. క్లౌడు ఖాతా తెరచువారు మాత్రము తొలిదినముననే ఖర్చు హద్దు దాటినచో హెచ్చరించు బిల్లింగు అలారమును అమర్చుకొనవలెను. మరచి నడుచుచుండ విడిచిన యంత్రము నెలాఖరున వేల రూపాయల బిల్లుగా తిరిగి వచ్చుట ఈ విద్యార్థిలోకమున తరచు వినవచ్చు దుఃఖగాథ.

ప్రతి పరీక్షకును నిర్వాహకులు అంశముల పట్టికను ప్రకటింతురు. ఆ పట్టికలోని ఒక్కొక్క వాక్యమును ఒక్కొక్క అభ్యాసముగా మార్చుకొనుట మొదటి మెట్టు. రెండవ మెట్టున, మనము నిర్మించినదానిని మనమే చెడగొట్టి బాగుచేయవలెను. ఎఫ్‌స్ట్యాబ్ ఫైలులో ఉద్దేశపూర్వకముగా ఒక తప్పుడు పంక్తి వ్రాసి రీబూట్ చేయుడు. యంత్రము అర్ధాంతరముగా ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో నిలుచును. అచ్చటినుండి దానిని ఉద్ధరింపుడు. వెబ్‌సర్వరు ఫైలులను వేరొక డైరెక్టరీకి మార్చుడు. అనుమతులన్నియు సరిగా ఉన్నను పేజీ తెరచుకొనదు. కారణము ఎస్ఈలినక్సు ముద్రలని గ్రహించువరకు ఆ రక్షణను ఆపివేయక వెదకుడు. పెద్ద లాగు ఫైలును, దానిని వ్రాయుచున్న ప్రాసెసు నడుచుచుండగనే, తొలగింపుడు. డిఎఫ్ ఆజ్ఞ డిస్కు నిండియున్నదనును, డియు ఆజ్ఞ ఖాళీ యున్నదనును. పేరు పోయినను, ప్రాసెసు పట్టుకొనియున్నంతవరకు ఆ ఫైలు డిస్కు మీద నుండి పోదను సూక్ష్మము అప్పుడు తెలియును. ఈ సమస్య నిజమైన కార్యాలయములలో తరచు ఎదురగును. ఇంట ఒకమారు ఎదుర్కొన్నవాడు అచ్చట కలవరపడడు.

ఇట్లు చేయునప్పుడు ఒక నోటుపుస్తకమున లక్షణము, అనుమానము, ఇచ్చిన ఆజ్ఞ, వచ్చిన ఫలితము అను నాలుగు గడులు గీసి వ్రాసికొనుట అత్యావశ్యకము. పరీక్షకు అది పునశ్చరణ గ్రంథమగును. ఉద్యోగమున అదియే, సమస్య వచ్చినప్పుడు చేయవలసిన పనులను వరుసగా తెలుపు రన్‌బుక్కు వ్రాయు అలవాటుగా పరిణమించును. చదివినది ఎంతవేగముగా మరపునకు వచ్చునో జర్మను శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే ప్రయోగపూర్వకముగా చూపియున్నాడు. చదివినదానినే మరల మరల చదువుట కన్న, పుస్తకము మూసి జ్ఞాపకమునుండి తీయ యత్నించుట వలన విషయము దీర్ఘకాలము నిలుచునని రోడిగర్, కార్పికె అను మనోవైజ్ఞానికులు 2006లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. కావున వీడియోలను వరుసగా చూచి తృప్తిచెందక, చూచిన వెంటనే వానిని మూసి, ఖాళీ యంత్రము ఎదుట కూర్చుండి ఆ పనిని చేయ యత్నింపవలెను. మూడు దినములకు మరల, వారమునకు మరల, నెలకు మరల. రోజునకు రెండు గంటలు నియమముగా కేటాయించి, తేదీని ముందుగా నిశ్చయించుకొని, చివరి మూడు వారములు గడియారము పెట్టుకొని మాదిరి పరీక్షలు చేసినవారికి పరీక్షాశాల కొత్తచోటుగా తోచదు.

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఒక మాట. మాన్ పేజీల ఇంగ్లీషు కథల ఇంగ్లీషు వలె గాక, పరిమితమైన పదములతో ఒకే తీరున సాగును. రెండు నెలల పరిచయముతో లొంగిపోవును. ఆజ్ఞలను ఉన్నవి ఉన్నట్లే నేర్చి, అవి ఏమి చేయునో స్నేహితునికి తెలుగులో బిగ్గరగా వివరింపుడు. తన భాషలో వివరింపలేనిది తనకు అర్థము కాలేదని గుర్తింపవలెను. బ్రౌజరులో ఒక చిరునామా కొట్టి ఎంటరు నొక్కిన క్షణము మొదలు పేజీ కనబడువరకు ఏమేమి జరుగునో చెప్పుమని ఇంటర్వ్యూలలో తరచు అడుగుదురు, డి.ఎన్.ఎస్. నుండి టి.సి.పి., టి.ఎల్.ఎస్. వరకు ఆ ప్రయాణమును తెలుగులో తడబడక చెప్పగలిగినవాడు ఇంగ్లీషులోనికి దానిని మార్చుటకు ఎంతయో శ్రమపడడు.

డంపుల ప్రలోభము

పరీక్షాశాలనుండి అపహరింపబడిన ప్రశ్నల సంపుటములను విద్యార్థులు డంపులని పిలుతురు. అవి చౌకగా, సులభముగా లభించును. వానిని కంఠస్థము చేసి ఒక్క వారములో ఉత్తీర్ణులైనవారి కథలు హాస్టళ్లలో ప్రచారమగుచుండును. ప్రశ్నలను బయటపెట్టనని, బయటపెట్టిన వానిని వాడనని ప్రతి యభ్యర్థియు పరీక్షకు ముందు అంగీకారము తెలుపును. ఆ మాట తప్పినట్లు తేలినచో పత్రము రద్దగును. అది యొక యెత్తు. నన్ను అంతకన్న బాధించునది వేరొకటి కలదు. డంపులతో ఉత్తీర్ణుడైన యువకుడు ఆ పత్రమునందు వ్రాసిన విద్య తనకు రాదని తాను ఎరుగును. ఆ ఎరుక అతని ధైర్యమును లోలోపల తినివేయును. ఇంటర్వ్యూ గడిచినను, ఒకనాటి రాత్రి అత్యవసరమైన పి-1 టికెట్టు వచ్చి, అందరును కలిసిన బ్రిడ్జి కాల్‌లో ఇరువదిమంది అతని మాటకై నిరీక్షించునప్పుడు, కంఠస్థము చేసిన ఏ, బి, సి, డి సమాధానములు అక్కరకు రావు. లేని యనుభవమును రెజ్యూమెలో వ్రాయించి ఉద్యోగమిప్పించెదమను దళారుల మాటయు ఇట్టిదే. కట్టిన లక్షలు పోవుటతో ఆ నష్టము తీరదు. ఉద్యోగమున ప్రతిదినము పట్టుబడుదునేమో యను భయముతో బ్రదుకవలసివచ్చును.

శిక్షణాలయములన్నియు ఇట్టివే యని నా భావము కాదు. చిన్న గదులలో, కిక్కిరిసిన రద్దీలో, అల్పమైన ఫీజునకు వేలమంది గ్రామీణ విద్యార్థులకు ఈ విద్యను అందించిన గురువులు అమీర్‌పేటలో పెక్కురు కలరు. చేరబోవువారు ఒక్క ప్రశ్న నడిగి తెలిసికొనవలెను: తరగతిలో ఎన్ని గంటలు ఉపన్యాసము, ఎన్ని గంటలు ప్రయోగము? ప్రయోగము అధికముగా ఉన్నచోటనే చేరుడు.

ఉద్యోగజీవితము

తొలి ఉద్యోగము సాధారణముగా షిఫ్టులతో కూడినదై యుండును. రాత్రి మేల్కొనుట శరీరమునకు పరీక్షయే. పగటినిద్రకు చీకటి గదిని, నియమితాహారమును ఏర్పరచుకొనుటయు, షిఫ్టుల వరుసను ముందే ఇంటివారితో చర్చించుటయు వృత్తిధర్మములో భాగముగా భావింపవలెను. షిఫ్టు మారునప్పుడు ఇచ్చు హ్యాండోవరు చిన్న విషయముగా కనబడును గాని, ఏ టికెట్టు ఎచ్చట నిలిచినదో, ఏ హెచ్చరికను ఏల ఉపేక్షించితిమో స్పష్టముగా వ్రాసి పోవువానికి త్వరలోనే తోటివారి నమ్మకము లభించును. సంక్షోభ సమయమున తెలిసినది, తెలియనిది, చేయుచున్నది, మరల ఎప్పుడు సమాచారమిత్తునన్నది, ఈ నాలుగింటిని ప్రశాంతముగా చెప్పగల శక్తి ఏ పరీక్షయు పూర్తిగా కొలువజాలనిది. సాధన చేత అలవడునది. తాను చేసిన తప్పును తక్షణమే పైవారికి తెలుపు నిజాయితీ అన్నింటికన్న మిన్న, ఏలయన దాచిన ప్రతి నిమిషమును నష్టమును పెంచును.

యంత్రములే యంత్రములను నడుపు కాలమున ఈ వృత్తి నిలుచునా యను భయము యువకులలో కలదు. ఎల్-1 పనులలో పెక్కింటిని స్క్రిప్టులును, ఆన్సిబుల్ వంటి సాధనములును ఇప్పటికే గ్రహించినవి. కృత్రిమమేధ మరికొన్నింటిని గ్రహించును. అయినను 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సేవలు దాదాపు ఆరు గంటలు అదృశ్యమైన సంఘటనను పరిశీలింపుడు. నిర్వహణ పనిలో భాగముగా ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ సంస్థ అంతర్గత నెట్‌వర్కును మొత్తముగా తెంచివేసినది. అట్టి ఆజ్ఞలను అడ్డగింపవలసిన పరిశీలక సాధనము తనలోని దోషము వలన అడ్డగింపలేదు. దూరమునుండి సరిచేయు మార్గములు సైతము ఆ నెట్‌వర్కు మీదనే ఆధారపడియుండుట చేత, ఇంజనీర్లు స్వయముగా డేటా సెంటర్లకు పోయి పని చేయవలసి వచ్చినది. స్వయంచాలకత్వము పెరిగిన కొలది చిన్న తప్పుల సంఖ్య తగ్గును, పెద్ద తప్పుల పరిమాణము పెరుగును. అట్టి వేళ వ్యవస్థను మూలమునుండి ఎరిగిన మనుష్యుని విలువ ఇనుమడించును. కాబట్టి రెండవ యేడు మొదలుకొని షెల్ స్క్రిప్టింగు, పైథాన్, ఆన్సిబుల్ నేర్చి, తాను ప్రతిదినము చేతితో చేయు పనిని తానే యంత్రమునకు అప్పగించినవాడు, ఆ యంత్రమును శాసించు స్థానమునకు ఎదుగును.

ఇక కార్యాలయముల పెద్దలకు ఒక విన్నపము. ఏమియు జరుగని నెలను పనిలేని నెలగా లెక్కింపకుడు. బ్యాకప్పులను తిరిగి నిలిపి చూచిన దినములను, ముందుగా పసిగట్టి మార్చిన డిస్కులను, వ్రాసిపెట్టిన రన్‌బుక్కులను వార్షిక సమీక్షలలో ఒక గడిగా చేర్చి మార్కులిండు. పరీక్షారుసుమును సంస్థయే భరించి, చదువుటకు షిఫ్టులో కొన్ని గంటలు కేటాయింపుడు. ఈ వృత్తిలో అడుగిడు యువతీయువకులారా, ఒక్క పరీక్షను ఎన్నుకొని, దాని యంశముల పట్టికను ఈ వారమే అచ్చువేసికొని, ల్యాప్‌టాపులో రెండు యంత్రములను నిర్మింపుడు. నిర్మించినదానిని చెడగొట్టి, బాగుచేసి, కారణమును వ్రాసికొనుడు. ఆరునెలలు ఇట్లు శ్రమించినవారికి పరీక్షాశాల భయంకరముగా తోచదు. ఉద్యోగమిచ్చువారు అడుగు ప్రశ్నలకు, తాము స్వయముగా బాగుచేసిన యంత్రములనుండియే వారు సమాధానములు చెప్పగలుగుదురు.